అమ్మాయి సహజ వనరుల సంరక్షణ చదువుతానంటోంది: బెంగళూరులో దారి చెప్పగలరా?

హిందూపురం_నాన్న

సభ్యులందరికీ నమస్కారం. మా స్వస్థలం హిందూపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాము. మా అమ్మాయి ఇక్కడే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం ప్రధాన విషయాలుగా బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆ తరువాత సహజ వనరుల సంరక్షణలో పీజీ చేస్తానని పట్టుబట్టింది. వద్దనే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ చదువు ఏ విశ్వవిద్యాలయంలో, ఏ పేరుతో ఉంటుందో, అందులో ఏమి నేర్పుతారో, చదివాక ఎవరు పనిలోకి తీసుకుంటారో మా బంధువర్గంలో చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. అడిగిన ప్రతివారూ 'ఎంబీయే చేయించండి' అంటున్నారు. ఈ వేదికలో ఆ రంగంలో ఉన్నవారు, ఆ చదువు చదివినవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

జక్కూరు_పిట్ట

నాన్నగారూ, నేను బెంగళూరులోనే ఈ రంగంలో పరిశోధన చేస్తున్నాను. ముందుగా పేరు సంగతి చెబుతాను, ఎందుకంటే దరఖాస్తులు పెట్టేటప్పుడు చాలామంది తడబడేది అక్కడే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వంటివి అటవీ విభాగం కింద సహజ వనరుల సంరక్షణ అన్న పేరుతోనే ఏళ్ల తరబడి డిగ్రీ ఇచ్చాయి. మన దగ్గర అదే విషయం జీవావరణ శాస్త్రం, అటవీ శాస్త్రం, మృత్తికా శాస్త్రం, పర్యావరణ శాస్త్రం, వనరుల ఆర్థికశాస్త్రం అనే విభాగాల మధ్య చెదిరి ఉంది. అందువల్ల పట్టా పేరు వెతకడం కన్నా, మీ అమ్మాయి అడవి గురించి పని చేయాలనుకుంటోందా, నీటి గురించా, నేల గురించా, లేక ఆ వనరుల మీద బతికే మనుషుల గురించా అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా చేరినవారు రెండేళ్లు అన్నీ కొంచెం కొంచెం చదివి, ఏదీ చేతికి రాకుండా బయటికి రావడం నేను చూశాను.

బెంగళూరు విషయానికి వస్తే, ఈ చదువుకు దేశంలో ఇంతకన్నా అనువైన నగరాలు ఎక్కువ లేవు. బళ్ళారి రోడ్డులో జీకేవీకే అని పిలిచే వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రం, సంరక్షణలో రెండేళ్ల ఎం.ఎస్సీ. ఉంది. ప్రవేశాలు ఏడాది విడిచి ఏడాది జరుగుతాయి, తీసుకునేది కొద్దిమందినే. జీవశాస్త్ర డిగ్రీయే ఉండాలన్న నియమం అక్కడ లేదు, కానీ పరీక్ష, ముఖాముఖి రెండూ గట్టిగా ఉంటాయి. భారతీయ విజ్ఞాన సంస్థలో 1983లో మాధవ్ గాడ్గిల్ చొరవతో మొదలైన జీవావరణ శాస్త్ర కేంద్రం పరిశోధనకు పేరు పొందింది. ముదుమలై అడవిలో 50 హెక్టార్ల స్థలాన్ని 1988 నుంచి వారు గమనిస్తున్నారు. అందులో ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టుకూ సంఖ్య కట్టి, ఏది చచ్చింది, ఏది పుట్టింది, ఏది ఎంత పెరిగిందని లెక్క రాస్తారు. 1996లో ఏర్పడిన ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ జక్కూరు వద్ద ఉంది. ప్రకృతి శాస్త్రాన్నీ సామాజిక శాస్త్రాన్నీ ఒకే పాఠ్యక్రమంలో కలిపిన పీహెచ్‌డీ అక్కడ ఉంది. నాగరభావిలోని సామాజిక, ఆర్థిక మార్పుల అధ్యయన సంస్థలో సహజ వనరుల ఆర్థికశాస్త్రానికి ప్రత్యేక కేంద్రమే ఉంది. ఇవేవీ కాకపోతే బెంగళూరు విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రం ఎం.ఎస్సీ. ఉంది. పేరు పెద్దది కాకపోయినా, మంచి మార్గదర్శకులు దొరికితే అది కూడా చక్కని ప్రారంభమే.

విశ్రాంత_రేంజరు

నేను అటవీ శాఖలో పని చేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పై సభ్యులు చెప్పని ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు ఏదో ఒక డిగ్రీ ఉంటే సరిపోదు. పశుసంవర్ధక పశువైద్య శాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, సంఖ్యాశాస్త్రం, జంతుశాస్త్రం అనే విషయాలలో కనీసం ఒకటి డిగ్రీలో చదివి ఉండాలి. లేదా వ్యవసాయం, అటవీ శాస్త్రం, ఇంజనీరింగులలో ఒకదానిలో డిగ్రీ ఉండాలి. మీ అమ్మాయికి ఇబ్బంది లేదు, ఆమె చదువుతున్న మూడు విషయాలూ ఆ జాబితాలోనే ఉన్నాయి. కానీ ఇంటర్ పూర్తి చేసిన పిల్లలు ఎవరైనా ఈ చర్చ చదువుతూ ఉంటే గమనించండి. పర్యావరణ శాస్త్రం అన్న పేరు చూసి, పై విషయాలు ఒక్కటీ లేని డిగ్రీలో చేరితే అటవీ సర్వీసు తలుపు అక్కడితో మూసుకుంటుంది. ఈ సంగతి ప్రవేశాల సమయంలో కళాశాలలు చెప్పవు.

ఇంటర్ తరువాత నేరుగా ఈ దారి పట్టాలనుకునేవారికి నాలుగేళ్ల బి.ఎస్సీ. ఆనర్స్ ఫారెస్ట్రీ అన్నిటికన్నా సూటియైనది. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులోనూ, తమిళనాడులో మెట్టుపాళయంలోనూ, కర్ణాటకలో కొడగు పొన్నంపేటలోనూ, శిరసిలోనూ అటవీ కళాశాలలు ఉన్నాయి.

నేలతల్లి

నేను వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మృత్తికా శాస్త్రం బోధిస్తాను. వనరుల సంరక్షణ అనగానే చర్చ అడవికీ పులికీ వెళ్ళిపోవడం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది. అంగుళం మందం పైమట్టి ఏర్పడడానికి వందల ఏళ్లు పడుతుంది, వాలు పొలంలో అడ్డం లేకుండా దున్నితే కొన్ని వానలకే అది వంకలో కలుస్తుంది. అనంతపురం ఎర్రనేలలు అసలే లోతు తక్కువ. ఆ నేలల్లో దశాబ్దాల తరబడి వేరుశనగ ఒక్కటే వేసిన పొలాల సంగతి హిందూపురం వారికి నేను చెప్పనక్కరలేదు.

ఈ చదువులో విద్యార్థి నిజంగా చేసే పని ఏమిటని నాన్నగారు అడిగారు. మా దగ్గర మొదటి సెమిస్టరులోనే గొయ్యి తవ్విస్తాము. మనిషి దిగి నిలబడగలిగిన లోతులో నేల పొరలను చూసి, ఒక్కొక్క పొర రంగు, బంక, గరుకు, వేళ్ల జాడ రాసుకోవాలి. తరువాత కోత లెక్క. వాన తాకిడి, మట్టి గుణం, వాలు పొడవు, వాలు తీవ్రత, పైరు కప్పు, గట్లు వేసిన తీరు, ఈ ఆరింటినీ గుణించి హెక్టారుకు ఏటా ఎన్ని టన్నుల మట్టి పోతుందో అంచనా కట్టే సూత్రం ఒకటి ఉంది. దాన్ని అమెరికా పొలాల కొలతల మీద తయారు చేశారు. మన ఎర్రనేలలకు, మన కుంభవృష్టికి ఆ గుణకాలను మార్చి చూసుకోవాలని తెలియని నివేదికలు నా బల్ల మీదికి ఇప్పటికీ వస్తుంటాయి. కంప్యూటరులో అంకెలు వేయడం వారం రోజుల పని. ఆ అంకె ఆ నేలకు చెల్లుతుందా అని అనుమానించడం నేర్చుకోవడానికే రెండేళ్లు పడతాయి.

మరొక మాట. వ్యవసాయ డిగ్రీ లేనివారికి జీకేవీకేలో ఎం.ఎస్సీ. అగ్రికల్చర్‌లో ప్రవేశం సాధారణంగా దొరకదు. కనుక మీ అమ్మాయికి నేల మీద ఆసక్తి ఉంటే పర్యావరణ శాస్త్రం వైపు నుంచి రావలసి ఉంటుంది. హెబ్బాళలో జాతీయ మృత్తికా సర్వే సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎం.ఎస్సీ. ప్రాజెక్టును అటువంటి చోట చేసే వీలుందేమో తన విభాగం ద్వారా విచారించుకోవచ్చు.

కోలారు_మామిడి

మాది శ్రీనివాసపురం దగ్గర పల్లె, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇప్పుడు వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేరు పని. పెద్దలందరూ రాసింది చదివాను. నాకొక సందేహం ఉంది, కొంచెం కటువుగా ఉంటే క్షమించండి. చెరువుకు తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు నీరు పారించాలో, వాన తక్కువైన ఏడు ఆయకట్టులో ఏ భాగాన్ని బీడు పెట్టాలో చూసుకునే నీరుగంటి మా ఊళ్ళో ఉండేవారు. ఆయన ఏ విశ్వవిద్యాలయానికీ వెళ్ళలేదు. బోర్లు వచ్చాయి, చెరువు మీద ధ్యాస పోయింది, నీరుగంటి పని పోయింది. ఇప్పుడు వెయ్యి అడుగులు దాటి తవ్వినా దుమ్ము తప్ప రాని బోర్లు మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఇదంతా జరుగుతున్నప్పుడు పట్టాలున్నవారు లేరా? ఉన్నారు. 2018 నుంచి బెంగళూరు మురుగును శుద్ధి చేసి మా చెరువులకు పంపుతున్నారు. దాని మీదా పట్టాలున్నవారు రెండు పక్షాలుగా చీలి కోర్టులో వాదించుకున్నారు. మా అమ్మానాన్నలు అడిగేది ఒక్కటే, ఆ నీరు మంచిదా, కాదా? ఈ చదువు దానికి సమాధానం చెప్పగలదా?

జక్కూరు_పిట్ట

మామిడి గారూ, కటువు ఏమీ లేదు, ఈ చర్చలో రావలసిన ప్రశ్న ఇదే. కొంచెం పొడుగ్గా రాస్తాను.

మీరు చెబుతున్న పథకం కోరమంగల–చల్లఘట్ట లోయది. రోజుకు 44 కోట్ల లీటర్ల శుద్ధి నీటిని గొట్టాల ద్వారా ఎత్తిపోసి కోలారు జిల్లా చెరువులను ఒకదాని తరువాత ఒకటిగా నింపాలన్నది దాని లెక్క. లక్ష్మీసాగర చెరువు నిండి, అలుగు పారి, దిగువ చెరువుకు వెళుతుంది. వాదన ఎక్కడ వచ్చిందంటే, ఆ నీటికి రెండో దశ శుద్ధి మాత్రమే జరుగుతుంది. రెండో దశలో సూక్ష్మజీవులు నీటిలోని కుళ్ళే పదార్థాన్ని తినేస్తాయి. నత్రజని, భాస్వరం, రోగకారక క్రిములను చాలావరకు తీసేందుకు మూడో దశ కావాలి. చెరువు మట్టి పొరలు మిగిలిన వడపోత చేస్తాయని ఒక పక్షం, రాతి పగుళ్లలో వడపోత తక్కువ కనుక మాలిన్యం నేరుగా భూగర్భానికి దిగవచ్చని మరో పక్షం. రెండూ తెలివితక్కువ వాదనలు కావు. మీ ఊరి చెరువు అడుగున ఎంత మందం బంకమట్టి ఉంది, కింద శిథిల శిల ఎంత లోతు, పగులు ఎటు వైపు అన్నదాన్ని బట్టి ఒకే పథకంలోని రెండు చెరువులకు రెండు వేర్వేరు జవాబులు రావచ్చు. అందుకే 'మంచిదా, కాదా' అన్న ప్రశ్నను ఈ చదువు ముందు ముక్కలు చేస్తుంది: తాగడానికా, పైరుకా, భూగర్భంలో నిల్వకా, నైట్రేటు ఎంత, భారలోహాలు ఎంత, ఏ నెలలో, ఏ లోతు బావిలో?

ఇక నీటిమట్టం. చెరువులు నిండాక బోర్లలో నీరు పైకి వచ్చిందని మీ ప్రాంతంవారు చెప్పడం నేనూ విన్నాను, అది నిజమే. అయితే గట్టి రాతి ప్రాంతంలో నీరు నిలిచే ఖాళీ చాలా తక్కువ, సుమారు వందకు రెండు పాళ్లు అనుకుందాం. అప్పుడు ఒక చదరపు కిలోమీటరు మేర నీటిమట్టం ఒక మీటరు పెరిగినా అదనంగా చేరిన నీరు 20,000 ఘనమీటర్లు, అంటే 2 కోట్ల లీటర్లు మాత్రమే. బావిలో చూసేవారికి ఒక మీటరు చాలా గొప్పగా కనిపిస్తుంది. అంతే వేగంగా అది దిగిపోతుంది కూడా. నీరు పైకి వచ్చిందన్న ధైర్యంతో కొత్త బోర్లు వేసి, టమోటా కింద విస్తీర్ణం పెంచితే, కొన్ని ఎండాకాలాల తరువాత లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ప్రభుత్వ భూగర్భజల అంచనాలో ఏటా వాడుకోదగిన నీటిలో 70 శాతం లోపు తోడితే సురక్షితం, 90 దాటితే సంక్షోభం, 100 దాటితే అతివాడకం. కోలారు ఏళ్ల తరబడి ఆ చివరి వరుసలో ఉంది.

మరొక చిక్కు కూడా ఉంది, దాన్ని ఇంజనీర్లు సాధారణంగా చూడరు. ఏడాది పొడుగునా నిండి ఉండే చెరువు ఇంకా చెరువేనా? వేసవిలో ఎండితేనే పూడిక తీసి పొలానికి తోలుకుంటారు, ఎండిన చెరువులో గొర్రెలు మేస్తాయి. నిరంతరం నిండి ఉంటే చేపల వేలం పాడుకున్నవారికి లాభం, గొర్రెల కాపరికి నష్టం. నీరుగంటి చేసిన పని కూడా ఇదే కదా, ఎవరికి ఎంత, ఎవరికి ఎప్పుడు అని తేల్చడం. ఉమ్మడి వనరులను సర్కారుకో, ఆసామికో అప్పగించకుండా ఊరే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలదని ప్రపంచంలోని అనేక ఉదాహరణలతో చూపినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మీ ఊరి నీరుగంటికి తెలిసినది ఈ చదువులో పాఠ్యాంశం. ఆ పద్ధతి ఎందుకు నిలిచింది, బోరు వచ్చాక ఎందుకు కూలింది అన్నది పరిశోధనాంశం.

నేలతల్లి

పిట్ట గారి మాటకు చిన్న చేర్పు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను అందులో చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మెరక, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం అయిదు. ఆరో దోషం, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం! అయిదు దోషాలు ఇంజనీరుకు, ఆరోది మంత్రికి. హిందూపురానికి వచ్చే పెన్న నంది కొండల దగ్గర పుడుతుంది. ఎగువన మైసూరు సంస్థానం, దిగువన మద్రాసు ప్రభుత్వం ఉన్న కాలంలో, 1892లో, మైసూరువారు పెన్న, చిత్రావతి, పాపఘ్ని వంటి నదుల పరీవాహకంలో కొత్త చెరువులు కట్టాలంటే దిగువవారి సమ్మతి కావాలని ఒప్పందం రాసుకున్నారు. ఇప్పటికీ రెండు రాష్ట్రాల మధ్య పెన్న పేరు వచ్చినప్పుడల్లా ఆ కాగితం బయటికి వస్తుంది. నా విద్యార్థులకు నేను మొదటి రోజున ఆరో దోషం చెప్పి తరువాత మిగతా అయిదు చెబుతాను.

విశ్రాంత_రేంజరు

నీటి చర్చ బాగుంది. అయితే ఉమ్మడి నియమాలు, ఊరి జ్ఞానం అన్న మాటను అడవికి కూడా అలాగే వర్తింపజేస్తే నేను ఒప్పుకోను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మంట దాటకుండా నిప్పు రేఖలు గీసి, రాత్రింబవళ్లు కాపలా కాసి, కొమ్మలతో కొట్టి మంటలు ఆర్పినవాణ్ణి. నిప్పు వేస్తే అడవికి మంచిదని వ్యాసాలు రాసేవారు ఒక్క వేసవి మాతో ఉండి చూస్తే బాగుండేది.

జక్కూరు_పిట్ట

రేంజరు గారూ, మీరు కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్ట అడవిని దృష్టిలో పెట్టుకుని అన్నారనుకుంటాను. అక్కడి గిరిజనులైన సోలిగలు వేసవి తొలినాళ్లలో రాలిన ఆకులకు చిన్న మంట పెట్టేవారు, దాన్ని తరగు బెంకి అంటారు. 1974లో ఆ అడవి అభయారణ్యం అయ్యాక ఆ పద్ధతి ఆగింది. తరువాతి దశాబ్దాలలో లాంటానా అనే కలుపు పొదలు అడవంతా అల్లుకున్నాయి, ఉసిరి చెట్ల మీద బదనిక అనే పరాన్న మొక్క పెరిగింది. నిప్పు ఆగడమే కారణమని సోలిగలు చెబుతారు. ఆ మాటను కొట్టిపారేయకుండా కొలిచి చూసిన పరిశోధకులు బెంగళూరులోనే ఉన్నారు. 2011లో అక్కడి గ్రామసభలకు అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు వచ్చాయి, అదే ఏడాది ఆ అడవి పులుల అభయారణ్యం కూడా అయింది. మనిషి ఉంటే అడవి ఉండదన్న సూత్రం అక్కడ నిలబడలేదు.

విశ్రాంత_రేంజరు

సోలిగల అనుభవాన్ని నేను తక్కువ చేయడం లేదు. నేను చెప్పేది వేరు. ఆ కాలంలో అడుగున ఉన్నది గడ్డి, రాలిన ఆకులు. మంట మోకాలి ఎత్తు దాటకుండా పాకిపోయేది. ఇప్పుడు అడుగున ఉన్నది మనిషిని మించిన లాంటానా. అదే నిప్పు ఈనాడు పెడితే పొద పట్టుకుని చెట్టు కొమ్మ అందుకుంటుంది. నిప్పు ఆపడం వల్లనే లాంటానా వచ్చిందని ఒప్పుకున్నా, మళ్ళీ నిప్పు పెడితే లాంటానా పోతుందని దాని అర్థం కాదు. ముందు పొదను వేళ్లతో సహా తీయాలి, గడ్డి రావాలి, ఆ తరువాతే నిప్పు మాట. ఆ మధ్యకాలంలో కూలి ఎవరు ఇవ్వాలి, తీసిన చోట మళ్ళీ మొలిస్తే ఎవరు చూడాలి అన్నది తేలాలి. ఈ రెండు వైపులా తెలిసిన యువ అధికారులు శాఖకు కావాలి, అందుకే ఈ అమ్మాయిని రమ్మంటున్నాను.

సుస్థిర_లెక్కలు

ఉద్యోగాల సంగతి ఎవరూ రాయలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. 2006 నోటిఫికేషన్ ప్రకారం గనులు, ఆనకట్టలు, పెద్ద నిర్మాణాల వంటి ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక కావాలి. దాన్ని గుర్తింపు పొందిన సంస్థలే తయారు చేయాలి, వాటిలో జీవవైవిధ్యం, నీరు, నేల, భూవినియోగం వంటి రంగాలకు విడివిడిగా నిపుణులు ఉండాలి. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలలో పైనున్న వెయ్యి, 2022–23 నుంచి తమ నీరు, శక్తి, వ్యర్థాల లెక్కలను స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి విధిగా సమర్పిస్తున్నాయి. దానివల్ల ఆడిట్ సంస్థలు కూడా ఈ చదువువారిని తీసుకుంటున్నాయి. నేను అటువంటి చోటే పని చేస్తాను. జీతం బాగుంటుంది, బురద అంటదు. అయితే ఒకటి ముందే తెలిసి ఉండాలి. ప్రభావ అంచనా నివేదికకు డబ్బు ఇచ్చేది ప్రాజెక్టు కట్టేవారే. అక్కడ పక్షులు ఉన్నాయని రాయాలా వద్దా అన్న ఒత్తిడి ఏదో ఒక రోజు వస్తుంది. స్వచ్ఛంద సంస్థలలో జీతం తక్కువ, నిధులు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. ప్రభుత్వ కొలువు స్థిరం, పోటీ ఎక్కువ. బంధువులకు చెప్పవలసింది ఇదే.

రేగిపండు

నమస్కారం. ఈ ప్రశ్న అడిగిన నాన్నగారి అమ్మాయిని నేనే. అందరికీ కృతజ్ఞతలు. నాకు అడవి కన్నా నీటి మీదే మనసు ఉంది. బెళ్ళందూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్డు మీదికి రావడం, 2017లో దానికి నిప్పు అంటుకోవడం మా ఇంటికి దగ్గరలోనే జరిగాయి. నీటికి నిప్పు అంటుకోవడం ఎలా సాధ్యమని అప్పుడు మా బడిలో ఎవరూ చెప్పలేకపోయారు. రసాయనశాస్త్రం తీసుకోవడానికి అదే కారణం. ఇప్పుడు రెండు సందేహాలు ఉన్నాయి. నాకు గణితం అంటే భయం, ఈ చదువుకు అది ఎంత కావాలి? చట్టం కూడా చదవాలని ఉంది, అది తరువాత కలపవచ్చా, లేక ముందే ఆ వైపు వెళ్ళాలా?

నేలతల్లి

అమ్మా, కలనగణితం కన్నా సంఖ్యాశాస్త్రం నీకు ఎక్కువ అవసరం. ఒక చెరువులో ఎన్ని చోట్ల, ఎన్ని నెలలు నమూనాలు తీస్తే ఆ చెరువు గురించి మాట్లాడవచ్చు అన్నది సంఖ్యాశాస్త్రమే చెబుతుంది. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో, నీ సొంత కొలతల మీద నేర్చుకుంటే భయం పోతుంది; పుస్తకం లెక్కల మీద నేర్చుకుంటే పోదు. పటాలకు క్యూజీఐఎస్ ఉంది, అదీ ఉచితమే. హైదరాబాదు జాతీయ దూరసంవేదన కేంద్రం వారి భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు దొరుకుతాయి. డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ వారు ఆన్‌లైన్‌లో ఉచిత పాఠాలు నడుపుతారు. ఈ సెలవుల్లో అది ఒక్కటి పూర్తి చేసినా ఎం.ఎస్సీ.లో నువ్వు ముందు వరుసలో ఉంటావు.

జక్కూరు_పిట్ట

చట్టం గురించి నేను చెబుతాను. శాస్త్రంలో ఎం.ఎస్సీ. ముందు చేయడం మంచిదని నా అభిప్రాయం. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్‌లో పర్యావరణ చట్టంలో దూరవిద్యా పీజీ డిప్లొమా ఉంది, దాన్ని పనితో పాటు చేయవచ్చు. చట్టం ఎందుకు అవసరమో బెంగళూరులోనే ఉదాహరణ ఉంది. 2016లో జాతీయ హరిత ధర్మాసనం చెరువు అంచు నుంచి 75 మీటర్ల వరకు నిర్మాణాలు కూడదని ఆదేశించింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి, నగర ప్రణాళికలోని 30 మీటర్లే వర్తిస్తాయని తేల్చింది. చట్టబద్ధమైన ప్రణాళికను ధర్మాసనం తన ఆదేశంతో మార్చలేదన్నది అక్కడి అంశం. చెరువుకు ఎంత అంచు కావాలన్న శాస్త్రం ఆ తీర్పులో ఓడిపోలేదు, అది తేలవలసిన చోటు ప్రణాళిక రాసే బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చునే శాస్త్రజ్ఞులు చాలా తక్కువ.

నురగ, నిప్పు సంగతి నీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. మురుగులోని సబ్బు పదార్థాలు, కుళ్ళే పదార్థాలు అలుగు దగ్గర నీరు పడే వేగానికి గిలక్కొట్టుకుని నురగ అవుతాయి. ఒడ్డున ఎండిన కలుపు, చెత్త, అడుగున గాలి ఆడని బురదలో పుట్టే మీథేను మంటకు సాయపడతాయి. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ జక్కూరు చెరువు. పై అంచున మురుగు శుద్ధి కేంద్రం, దాని దిగువన జమ్ము మొక్కలు పెంచిన తడినేల, ఆ తరువాత చెరువు. ఒక శని, ఆదివారాల్లో రెండూ వరుసగా చూస్తే, నీ ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు ప్రశ్న అక్కడే దొరకవచ్చు.

హిందూపురం_నాన్న

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ నమస్కారాలు. తండ్రిగా ఒక్కటి అడుగుతాను. క్షేత్ర పనికి ఆడపిల్లలను ఒంటరిగా పంపుతారా? బస ఎలా ఉంటుంది?

జక్కూరు_పిట్ట

నాన్నగారూ, నేనూ ఆడపిల్లనే. మంచి సంస్థలో ఎవరినీ ఒంటరిగా పంపరు. ఆ ప్రాంతం తెలిసిన స్థానిక సహాయకులు ఒకరు తోడు ఉంటారు, క్షేత్ర కేంద్రంలో కానీ తెలిసిన ఇంట్లో కానీ బస ఉంటుంది. ప్రవేశ ముఖాముఖిలో మీ అమ్మాయి మొహమాటం లేకుండా అడగవలసినవి: ఫిర్యాదుల కమిటీ ఎవరు, క్షేత్రంలో వాహనం, మరుగుదొడ్డి, ఫోను సిగ్నలు ఉంటాయా, అనారోగ్యం వస్తే బాధ్యత ఎవరిది. వీటికి తడుముకునే చోట చేరవద్దు. చెరువుల మీద పని చేస్తే ఒక సౌకర్యం ఉంది, చాలా రోజులు సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు.

కోలారు_మామిడి

పిట్ట గారి జవాబు నన్ను పూర్తిగా ఒప్పించలేదు, కానీ 20,000 ఘనమీటర్ల లెక్క మా నాన్నగారికి వివరించి చెప్పాను. కొత్త బోరు మాట ప్రస్తుతానికి వాయిదా వేశారు. రేగిపండు గారూ, మీకు ప్రాజెక్టు కుదిరితే మా ఊరి చెరువు, దాని కింది బావులు కొలవడానికి మా ఇంటివారు అభ్యంతరం చెప్పరు. నీరుగంటి కుటుంబం ఇంకా ఊళ్ళోనే ఉంది. ఒకే షరతు, కొలతలు మీ సిద్ధాంత గ్రంథంలోనే ఉండిపోకుండా తెలుగులోనో కన్నడంలోనో ఊరికి కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి.

రేగిపండు

తప్పకుండా ఇస్తానండీ. ఈ ఏడాది బెంగళూరు విశ్వవిద్యాలయంతో పాటు మరికొన్ని చోట్ల పర్యావరణ శాస్త్రానికి దరఖాస్తు చేస్తాను. సంఖ్యాశాస్త్రం, పటాల పాఠాలు ఇప్పుడే మొదలుపెట్టాను. రేంజరు గారికి ఒక ప్రశ్న: ఎం.ఎస్సీ. తరువాత అటవీ సర్వీసు పరీక్ష రాయాలంటే ఐచ్ఛికాలుగా వృక్షశాస్త్రం, అటవీ శాస్త్రం కలిపి తీసుకోవచ్చా?

విశ్రాంత_రేంజరు

తీసుకోవచ్చు. వ్యవసాయం–అటవీ శాస్త్రం, వ్యవసాయం–పశువైద్యం, గణితం–సంఖ్యాశాస్త్రం వంటి కొన్ని జంటలను కలిపి అనుమతించరు. వృక్షశాస్త్రం–అటవీ శాస్త్రం ఆ నిషేధంలో లేదు. డిగ్రీలో అటవీ శాస్త్రం చదవకపోయినా ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. ప్రాథమిక పరీక్ష సివిల్ సర్వీసులతో కలిపే ఉంటుంది, దరఖాస్తులో అటవీ సర్వీసును కూడా ఎంచుకోవడం మరచిపోకు. సాధారణ వర్గానికి వయోపరిమితి 21 నుంచి 32 ఏళ్లు కనుక ఎం.ఎస్సీ. పూర్తి చేసుకుని తొందర లేకుండా రాయవచ్చు.